కాలేజీ వెబ్‌సైట్ మార్చే కమిటీలో వేశారు, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను మేడం. మీరు అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి నాలుగేళ్లయింది. ప్రిన్సిపాల్ గారు తొమ్మిది మందితో వెబ్‌సైట్ కమిటీ వేసి మిమ్మల్ని కన్వీనర్‌ని చేశారు, వచ్చే ఏడాది న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) తనిఖీ ఉంది కాబట్టి ఆరు నెలల్లో కొత్త సైటు కావాలన్నారు. ఇప్పటికి మూడు మీటింగులు జరిగితే మూడూ హోమ్ పేజీలో ఎవరి ఫొటో ఎక్కడ ఉండాలన్న దగ్గరే ఆగిపోయాయి. ముందు కొటేషన్లు పిలవాలా, డిజైన్ తేల్చాలా, వర్డ్‌ప్రెస్ (రెడీమేడ్‌గా దొరికే సైటు సాఫ్ట్‌వేర్) మంచిదా సొంత కోడ్ మంచిదా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి నెలన్నర డిజైన్ మాట, వెండర్ మాట ఎత్తకండి. ఆ నెలన్నరలో మూడు పనులు చేయండి. ఇప్పుడున్న సైటులో ఏమేం ఉన్నాయో లెక్క రాయండి. సైటు దగ్గరికి ఎవరు ఏ పని మీద వస్తున్నారో తెలుసుకోండి. ఒక్కో పేజీకి ఒక మనిషిని పేరు పెట్టి బాధ్యులను చేయండి. ఈ మూడూ అయ్యేసరికి ఫొటోల గొడవ చాలావరకు సర్దుకుంటుంది. ఇవి లేకుండా కట్టిన సైటు ప్రారంభోత్సవం నాడు బాగుంటుంది, మళ్లీ అడ్మిషన్లు వచ్చేసరికి పాతబడిపోతుంది.

నేను పదహారేళ్లుగా రెండు కాలేజీల్లో ఈ పని చూస్తున్నాను. మొదటిది ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ, ఇప్పుడున్నది ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడ చేసింది రెండేళ్లలో మూలపడింది, ఇక్కడ చేసింది ఇంకా నడుస్తోంది. తేడా ఎక్కడ వచ్చిందో చెప్తాను.

ముందు మీ ఆఫీసులో టెలిఫోన్ ఎక్కడుందో చూడండి. దాని పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించి, వచ్చిన ప్రతి ఫోన్‌కీ ఒక్క లైను రాయమని జూనియర్ అసిస్టెంట్ గారిని అడగండి. ఎవరు చేశారు, ఏం అడిగారు, అంతే. పేర్లు అక్కర్లేదు. రెండు వారాలు చాలు. మా దగ్గర ఆ పుస్తకం నిండా దాదాపు అవే ప్రశ్నలు. కన్వీనర్ కోటాలో సీటొస్తే చేతి నుంచి ఎంత కట్టాలి, రీయింబర్స్‌మెంట్ పోను ఇంకేం మిగులుతుంది, హాస్టల్‌లో ఏడాదికి ఎంత, మా ఊరికి బస్సు వస్తుందా, డూప్లికేట్ మెమోకి ఏం కావాలి, టీసీ పోతే ఎవరిని అడగాలి, సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడు. రెండు వారాల్లో ఒక్కరు కూడా మా విజన్, మిషన్ ఏమిటని అడగలేదు. ఆ పుస్తకాన్ని నాలుగో మీటింగుకి పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. అప్పటిదాకా గట్టిగా వాదించిన హెచ్‌ఓడీ గారొకరు పేజీలు తిప్పి చూసి, "మనం వీటిలో ఎన్నింటికి జవాబు పెట్టాం?" అని అడిగారు. కమిటీ పని నిజంగా మొదలైంది ఆ రోజే.

ఇంకో సంగతి నాకు మనసులో ఉండిపోయింది. కౌన్సెలింగ్ రోజుల్లో మా అడ్మిషన్ల గది బయట బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. కూతురికి ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టాలి, ఊరి నుంచి బస్సుంటేనే మా కాలేజీ కోడ్ పైన పెడతారట. సైటులో ఉంటుంది చూడండని ఆయన ఫోనులోనే తెరిచి ఇచ్చాను. తెర నిండా చైర్మన్ గారి ఫొటో వచ్చింది. అది పూర్తిగా కనపడేలోపే జరిగిపోయి ల్యాబ్ ఫొటో, ఆయన వేలు పెట్టేలోపు అదీ జరిగిపోయింది. పైన మూడు గీతల గుర్తు నొక్కితే మెనూ వస్తుందని ఆయనకు తెలియదు, నేనే చూపించాను. ట్రాన్స్‌పోర్ట్ అన్న మాట కనపడగానే సంతోషంగా నొక్కారు. వచ్చింది ట్రాన్స్‌పోర్ట్ కమిటీ పేజీ. చైర్మన్, కన్వీనర్, ఐదుగురు సభ్యులు, వాళ్ల హోదాలు. ఆ ఏడు పేర్లూ ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, "వీళ్లలో మా రూటు డ్రైవరెవరండీ?" అని అడిగారు.

ఆ పేజీ అలా ఎందుకు ఉందంటే, ఏ కమిటీకి ఆ కమిటీ తన పేజీ రాసి పంపింది, మేం వచ్చింది వచ్చినట్టు పెట్టేశాం. 1968లో మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక మాట చెప్పారు. ఒక సంస్థలో మనుషుల మధ్య మాటామంతీ ఎలా నడుస్తుందో, ఆ సంస్థ తయారుచేసే వ్యవస్థ మీద ఆ అచ్చే పడుతుందని. కాలేజీ సైట్లలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మెనూలో ఉండేవి మన గదులు, మన సెల్స్, మన కమిటీలు. వచ్చినవాళ్ల అవసరం మాత్రం రూటు, టైము, ఫీజు. అందుకని మెనూలో మాటలు పెట్టేటప్పుడు ఆ నోట్‌బుక్‌లో జనం వాడిన మాటలు తీసుకోండి. "ట్రాన్స్‌పోర్ట్" అని కాకుండా "బస్సు రూట్లు", "ఎగ్జామినేషన్ సెల్" అని కాకుండా "ఫలితాలు, మెమోలు". కమిటీ సభ్యుల పేర్లు కావాలంటే అదే పేజీలో అడుగున ఉంటాయి.

పేజీల లెక్క. ఇది విసుగు పుట్టించే పని, అయినా తప్పదు. ఒక ఎక్సెల్ షీటు తెరవండి. ఒక్కో లైనులో పేజీ అడ్రసు, అందులో ఏముంది, చివరిసారి ఎప్పుడు మారింది, ఇప్పుడు ఎవరిది, ఉంచాలా తీసేయాలా కలపాలా. మీ కాలేజీ వయసును బట్టి ఐదారు వందల లైన్లు కూడా రావచ్చు, పీడీఎఫ్‌లు కలిపితే ఇంకా ఎక్కువ. సభ్యులకు పంచేయండి, వారానికి యాభై చొప్పున చేస్తే భారం ఉండదు. మాకు ఒకే ఫీజుల వివరం మూడు చోట్ల మూడు రకాలుగా దొరికింది, 2020లో వచ్చిన ఆర్‌20 సిలబస్ ఉండాల్సిన చోట అంతకు ముందు రెగ్యులేషన్ పీడీఎఫ్ దొరికింది, రిటైరైన ముగ్గురు ఇంకా ఫ్యాకల్టీ పేజీలో ఉన్నారు.

ఆ షీటులో అన్నిటికంటే విలువైనది బాధ్యుల గడి. అక్కడ "ఐటీ డిపార్ట్‌మెంట్" అని రాయొద్దు, "అందరూ" అని అసలే రాయొద్దు. ఒక హోదా, ఒక పేరు. బస్సుల పేజీకి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్, పరీక్షల పేజీకి కంట్రోలర్ గారి ఆఫీసులో ఒకరు, హాస్టల్‌కి వార్డెన్. ప్రతి పేజీ అడుగున "సరిచూసిన తేదీ" అని కనపడేలా పెట్టించండి. ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక సర్క్యులర్ కూడా తీయించండి, ఎందుకంటే మీరు జూనియర్. మీరు వెళ్లి సీనియర్ ప్రొఫెసర్ గారిని "సార్, మీ పేజీ మార్చలేదు" అని అడగడం కష్టం. సర్క్యులర్ ఉంటే అడిగేది మీరు కాదు, ఆఫీసు.

హోమ్ పేజీ గొడవకు మందు కూడా ఇక్కడే ఉంది. మేం ఒకే ఒక్క నియమం పెట్టాం: హోమ్ పేజీలో చోటు కావాలన్నవాళ్లు, ఆ చోటును ఏడాది పొడవునా నెలకోసారి ఎవరు సరిచూస్తారో పేరు రాసివ్వాలి. చోటు అడిగినవి పద్నాలుగు, పేరు రాసిచ్చినవి ఐదు. ఎవరినీ కాదనలేదు, ఎవరికీ మనసు కష్టం కలగలేదు. చైర్మన్ గారి ఫొటో విషయానికొస్తే, ఆయనకు మీరే చెప్పబోకండి. ప్రిన్సిపాల్ గారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఫోనులో పాత సైటూ కొత్త నమూనా రెండూ చూపించండి. మా చైర్మన్ గారు చూసి, "పిల్లల ఫీజులు పైకి రావాలయ్యా, నా ఫొటో లోపల ఉన్నా పర్లేదు" అన్నారు. అందరూ అలా అంటారని మాట ఇవ్వలేను, కానీ అడిగే పద్ధతిలో అడిగితే వినేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటారు.

ఇక న్యాక్ సంగతి. మీకు టెన్షన్ పెట్టాల్సింది నిజానికి ఇదే, మీ ప్రశ్నలో మాత్రం పాత లింకుల ఊసు లేదు. పాత లింకులు తెగనివ్వకండి. మీ ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) ఏటా న్యాక్‌కి పంపిన ఏక్యూఏఆర్‌లలో, అంటే వార్షిక నాణ్యతా నివేదికల్లో, ప్రతి అంశానికీ ఆధారంగా మీ సైటు లింకులే ఇచ్చి ఉంటారు. కొత్త సైటు వచ్చాక అడ్రసులన్నీ మారిపోతే ఆ లింకులు నొక్కినవాళ్లకు "పేజీ లేదు" అని వస్తుంది. రేపు వివరాలు సరిచూసేటప్పుడు ఆ ఫైలు మీ దగ్గర ఉన్నా లేనట్టే లెక్క. కాబట్టి ఐక్యూఏసీ కోఆర్డినేటర్ గారిని మొదటి రోజు నుంచే కమిటీలో కూర్చోబెట్టండి. పాత అడ్రసు ఒక గడిలో, కొత్త అడ్రసు పక్క గడిలో రాసి వెండర్‌కి ఇవ్వండి. పాతది నొక్కితే కొత్తదానికి పోయేలా 301 రీడైరెక్ట్ అనే ఏర్పాటు ఉంటుంది, పట్టిక చేతిలో ఉంటే వెండర్‌కి అది పెద్ద పని కాదు. అదే పని ఒప్పందంలో రాయకపోతే మాత్రం ఎవరూ చేయరు.

సైటులో తప్పనిసరిగా ఉండాల్సినవి కూడా అదే షీటులో ఒక పక్కన రాసుకోండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అడిగే మాండేటరీ డిస్‌క్లోజర్, అంటే కాలేజీ వివరాల తప్పనిసరి వెల్లడి ఉంది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, ఆ ఫిర్యాదుల మీద అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ వివరాలున్నాయి. ర్యాగింగ్ నిరోధక కమిటీ, హెల్ప్‌లైన్ 1800-180-5522, ఐసీసీ (లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ) వివరాలు, ఎన్ఐఆర్ఎఫ్‌కి (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్) పంపి ఉంటే ఆ డేటా. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలైతే సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి) కింద వెల్లడించాల్సినవి కూడా వస్తాయి. వీటిలో ర్యాగింగ్, ఐసీసీ నంబర్లను మాత్రం దయచేసి పదో మెనూ కింద దాచకండి. రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో భయపడుతూ వెతికే పిల్ల కోసం అవి ఉన్నాయి. ప్రతి పేజీ అడుగున కనపడాలి.

దీనికి పక్కనే ఒక ప్రమాదం ఉంది. న్యాక్‌కి ఆధారాలు పెట్టాలన్న తొందరలో విద్యార్థుల జాబితాలు స్కాన్ చేసి ఉన్నవున్నట్టు ఎక్కించేస్తారు. మా పాత సైటులో స్కాలర్‌షిప్ జాబితా ఒకటి దొరికింది, అందులో పేరు, ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా, కులం అన్నీ ఉన్నాయి. ఇంకో పీడీఎఫ్‌లో ప్లేస్‌మెంట్ అయిన అమ్మాయిల ఫోన్ నంబర్లున్నాయి. ఎవరో ఆ నంబర్లకు ఫోన్లు చేసి ఇబ్బంది పెడుతుంటే, ఒక పూర్వ విద్యార్థిని మా సూపరింటెండెంట్ గారికి ఏడుస్తూ చెప్పింది. తన పేరు గూగుల్‌లో కొడితే మొదట వచ్చేది మా పీడీఎఫేనని ఆమె చెప్తేగానీ మాకు తెలియలేదు. ఆ సాయంత్రమే తీసేశాం, కానీ అది మూడేళ్లుగా అక్కడే ఉంది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా మన పిల్లల నంబర్లు మనమే బజారులో పెట్టకూడదు కదా. లెక్క రాసేటప్పుడు ప్రతి పీడీఎఫ్ తెరిచి చూడండి, ఇలాంటివి కనపడితే కొత్త సైటు కోసం ఆగకుండా ఆ రోజే తీసేయించండి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల గురించి ఇంకో మాట. డిగ్రీ కాలేజీలో ఉన్నప్పుడు మాకు చూపులేని విద్యార్థి ఒకడుండేవాడు. ఫోను తనకు చదివి వినిపిస్తుంది, వాట్సాప్ నుంచి పేపరు దాకా అలాగే చదువుకునేవాడు. పరీక్షల టైంటేబుల్ తెరిస్తే మాత్రం ఫోను "ఇమేజ్" అని ఒక్క మాట చెప్పి ఆగిపోయేది. కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ముద్ర వేసి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కించడం మన అలవాటు. అందువల్ల అక్షరాలన్నీ బొమ్మయిపోతాయి, చదివి వినిపించే ఫోనుకూ అందవు, గూగుల్‌కీ అందవు. సంతకం కావాలంటే ఆ కాపీ కింద పెట్టండి, తేదీలు మాత్రం పేజీలో మామూలు అక్షరాల్లో రాయించండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 అడిగేదీ ఇదే.

తెలుగు విషయంలో కూడా ఇదే చిక్కు. ఆఫీసులో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలో (పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) టైపు చేస్తారు, దాన్ని తెచ్చి సైటులో అతికిస్తే చెత్త గుర్తులు వస్తాయి కాబట్టి ఫొటో తీసి పెడతారు. ఏ ఫోనులోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒకసారి ఒత్తులు సరిచూసుకుంటే చాలు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. సైటంతా తెలుగులో చేయమని నేను చెప్పను, చేస్తే రెండు భాషల్లో తాజాగా ఉంచడం మీ సిబ్బందికి సాధ్యం కాదు. ఫీజులు, బస్సులు, హాస్టల్, అడ్మిషన్‌కి కావాల్సిన కాగితాలు, ఈ నాలుగు పేజీలు తెలుగులో పెట్టండి. సీటు ఏ కాలేజీలో తీసుకోవాలో తేల్చేది చాలా ఇళ్లలో అమ్మానాన్నలే.

వర్డ్‌ప్రెస్సా సొంత కోడా అన్నారు. నా దృష్టిలో కొలత ఒకటే. మీ ఆఫీసులో కంప్యూటర్ ఓ మోస్తరుగా వచ్చిన మనిషి, ఎవరికీ ఫోన్ చేయకుండా, పరీక్ష ఫీజు తేదీని పది నిమిషాల్లో మార్చగలగాలి. వర్డ్‌ప్రెస్‌తో అది సులువుగా అవుతుంది, మీ అవసరానికి సరిపోతుంది. కానీ దాన్నీ దాని ప్లగిన్లనూ (అదనపు పనుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసేవాళ్లు ఉండాలి. డబ్బులు కట్టాల్సిన థీమ్‌ని (సైటు రూపాన్నిచ్చే డిజైన్) దొంగ కాపీ వేసే వెండర్లు ఉన్నారు, బిల్లు చూపించమని అడగండి. మొదటి కాలేజీలో మాకు అలాంటి థీమే వేశారు, ఏడాది తిరక్కుండానే గూగుల్‌లో కాలేజీ పేరు కొడితే కింద మందుల ప్రకటనలు రావడం మొదలైంది. బాగుచేయడానికి నెల పట్టింది.

ఫైనల్ ఇయర్ పిల్లల చేత ప్రాజెక్టుగా చేయిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పిల్లలు బాగానే చేస్తారు, మా వాళ్లూ బాగా చేశారు. మే నెలలో వెళ్లిపోయారు, జూన్‌లో పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియలేదు. వాళ్లకు పరీక్షించే పని ఇవ్వండి. ఐదుగురు కొత్త మనుషుల చేతికి ఫోనిచ్చి, "బస్సు రూటు వెతకండి", "హాస్టల్ ఫీజు వెతకండి" అని చెప్పి, నోరు మెదపకుండా పక్కన కూర్చుని ఎక్కడ ఆగిపోతున్నారో రాయడం. సైట్లు వాడుకకు ఎంత సులువో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లోనే చెప్పారు, ఐదుగురితో చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని. నా అనుభవంలో ముగ్గురి దగ్గరే సగం కాగితం నిండుతుంది.

డొమైన్, అంటే సైటు అడ్రసు పేరు, ఎవరి పేరు మీదుందో ఈ వారమే కనుక్కోండి. .ఏసీ.ఇన్, .ఈడీయూ.ఇన్ పేర్లు ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ద్వారా వస్తాయి. అక్కడ నమోదైన ఈమెయిల్, ఫోను కాలేజీవేనా, లేక ఎవరి సొంతానివా? డిగ్రీ కాలేజీలో మా డొమైన్ ఒక లెక్చరర్ గారి సొంత మెయిల్ మీద ఉండేది. ఆయన ఉద్యోగం మానేసి విదేశాలకు వెళ్లారు, రెన్యువల్ నోటీసులన్నీ ఆ మెయిల్‌కే పోయాయి. ఒక సోమవారం పొద్దున సైటు లేదు. పరీక్ష ఫీజుకి ఆఖరు వారం అది, నోటీసు బోర్డు దగ్గర తోపులాట. అందుకే డొమైన్, హోస్టింగ్, అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్, ఈ నాలుగూ ప్రిన్సిపాల్ హోదా పేరిట ఉండాలి, ఒక కాగితం మీద రాసి సీలు వేసి ఆఫీసు బీరువాలో పెట్టాలి. వెండర్ ఒప్పందంలో రెండేళ్ల నిర్వహణ, వారానికోసారి బ్యాకప్, మానేసేటప్పుడు మొత్తం ఫైళ్లు అప్పగించడం రాయించండి. ఫొటోలు బరువు తగ్గించి పెట్టమని కూడా రాయించండి, కెమెరాలోంచి తీసిన 8 ఎంబీ ఫొటోలు అయిదారు హోమ్ పేజీలో తిప్పితే పల్లెటూరి సిగ్నల్‌లో పేజీ తెరుచుకోదు.

మార్చే రోజును ఫలితాల వారంలోనూ, కౌన్సెలింగ్ వారంలోనూ పెట్టుకోవద్దు. పాత సైటును గూగుల్‌కి కనపడకుండా వేరే అడ్రసులో ఆరు నెలలు ఉంచండి, ఏదో ఒక ఫైలు మిస్సయిందని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఆ రోజు నుంచి టెలిఫోన్ పక్కన ఆ నోట్‌బుక్ మళ్లీ పెట్టించండి. మాకు రెండో వారానికి బస్సు ఫోన్లు బాగా తగ్గాయి, హాస్టల్ ఫోన్లు మాత్రం తగ్గలేదు. వెళ్లి చూస్తే ఆ పేజీలో మెస్ ఛార్జీ నిరుటిది ఉంది. షీటులో పేరు చూసి వార్డెన్ గారికి ఫోన్ చేశాం, సాయంత్రం నాలుగింటికల్లా ఆయనే మార్చేశారు.